తొమ్మిదో నెల టీకా రోజున ఐదు నిమిషాలు

సంపాదకులకు నమస్కారములు.

నేను తపాలా శాఖలో పనిచేసి, పదవీ విరమణ తరువాత కావలిలో ఉంటున్నాను. మా అమ్మాయి, అల్లుడు ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్తారు కాబట్టి, వాళ్ళ పాప పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మా ఇద్దరు ముసలివాళ్ళ దగ్గరే పెరుగుతోంది. పాపకు ఇప్పుడు 18 నెలలు. ఆమె నడక నేర్చిన ఈ కొద్ది నెలల్లో మా ఇంట్లో జరిగిన రెండు ప్రమాదాలను, వాటి చుట్టూ మేము చేసిన తప్పులను దాచకుండా చెప్పి, ఆరోగ్య శాఖ వారికి ఒక మనవి చేసుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొదటిది పాపకు 13 నెలలప్పుడు జరిగింది. దివాన్ మంచం మీద పాపను పక్కన కూర్చోబెట్టుకుని, ఒక చేత్తో ఆమెను పట్టుకుని, రెండో చేత్తో పత్రిక పట్టుకుని చదువుతున్నాను. అది మీ పత్రికేనని చెప్పడం నిష్ఠూరానికి కాదు, నిజం కాబట్టి చెబుతున్నాను. పేజీ తిప్పడానికి రెండు చేతులూ కావలసి వచ్చాయి. ఆ ఒక్క క్షణంలో పాప ముందుకు వాలి, తలకిందులుగా గ్రానైట్ నేల మీద పడింది. నేను చూస్తుండగానే నుదుటి మీద నిమ్మకాయంత బొప్పి కట్టింది.

ఆ తరువాతి ముప్పావు గంటలో ఏం జరిగిందో ఇప్పుడు తలచుకుంటే సిగ్గుగా ఉంటుంది. నా భార్య కొబ్బరినూనె తెచ్చి బొప్పి అణిగిపోవాలని గట్టిగా రుద్దింది. ఎదురింటి ఆమె పసుపు, సున్నం కలిపి పట్టు వేయమన్నది. ఇంకొకరు ఉప్పు, మిరపకాయలతో దిష్టి తీశారు. ఏడ్చి ఏడ్చి అలసిన పాప మధ్యాహ్నం రోజూ పడుకునే వేళకు కళ్ళు మూస్తుంటే, నిద్రపోతే ప్రమాదమని అందరూ కలిసి కుదిపి కుదిపి లేపారు. ఆ పిల్లకు ఇంకా ఏడుపు రావడం, ఆ ఏడుపు చూసి మాకు ఇంకా భయం పుట్టడం జరిగిపోతూనే ఉంది. వీటిలో ఒక్కటి కూడా పాపకు ఉపయోగపడేది కాదని తరువాత డాక్టరు గారు చెప్పారు. బొప్పి అంటే చర్మం కింద చిన్న రక్తనాళాలు చిట్లి నెత్తురు చేరడం. రుద్దితే అది ఇంకా పెరుగుతుంది. మంచుముక్కను పలుచని గుడ్డలో చుట్టి పది నిమిషాల పాటు మెల్లగా అద్దితే చాలు, మంచుముక్కను నేరుగా చర్మానికి తాకించకూడదు. నిద్ర విషయంలో కూడా, పాప మామూలుగానే ఉండి, అది ఆమె పడుకునే వేళే అయితే పడుకోనివ్వవచ్చు. మధ్యలో ఒకటి రెండుసార్లు కదిపి చూసి, ఎప్పటిలా విసుక్కుని మళ్ళీ పడుకుంటున్నదా లేదా అని గమనించుకోవాలి.

ఇంతకన్నా సిగ్గుపడవలసిన సంగతి మరొకటి ఉంది. పాప పడిన అరగంటకు మా వియ్యపురాలికి కబురు అందింది. ఆమె ఫోన్ చేసి, "ఉద్యోగం, ఉద్యోగం అని తిరిగితే పిల్లకు ఇట్టాగే అవుద్ది" అన్నది. ఆ మాట ఆఫీసులో ఉన్న మా అమ్మాయికి చేరింది. ఆమె ఏడుస్తూ ఇంటికి వచ్చింది. పాపను పడేసింది నేను, మాట పడింది మా అమ్మాయి. నన్ను ఒక్కరూ ఒక్క మాట అనలేదు. పిల్ల పడితే నేలను నాలుగు దెబ్బలు కొట్టి, "ఈ నేల చెడ్డది" అని ఊరుకోబెట్టడం మన ఇళ్ళలో అలవాటే. పాపకు తగిలిన దెబ్బకు నేల తరువాత దోషిగా నిలబెట్టేది కన్నతల్లినే. ఆమె ఆ సమయంలో ఇంట్లో లేకపోయినా ఇది మారదు.

ఈ నిందకు నేను ఇంత చోటు ఇవ్వడానికి కారణం ఉంది. క్లినిక్కులో డాక్టరు గారు, "ఎలా పడింది?" అని అడగగానే నేను నోరు తెరిచేలోపే నా భార్య, "నడుస్తా నడుస్తా పడిందయ్యా" అన్నది. నన్ను కాపాడాలని అన్న మాట అది. ఆయన మళ్ళీ, "ఎంత ఎత్తు నుంచి? కింద ఏముంది? వెంటనే ఏడ్చిందా, కాసేపు చలనం లేకుండా ఉందా? పడి ఎంతసేపైంది?" అని ఒక్కొక్కటే అడుగుతుంటే నాకు చెమటలు పట్టాయి. చివరకు మంచం మీద నుంచి, నా చేతిలో నుంచి పడిందని చెప్పాను. మంచం ఒకటిన్నర అడుగుల ఎత్తు ఉంటుందని చెప్పాక ఆయన కొంచెం తేలికపడ్డారు. రెండేళ్ళలోపు పిల్లలు మూడడుగులకు మించిన ఎత్తు నుంచి పడితే ఆ దెబ్బను వేరుగా, తీవ్రంగా పరిగణిస్తామని, అందుకే ఎత్తు ఎంతో తెలియడం తమకు అంత అవసరమని చెప్పారు. నడుస్తూ పడిన పిల్లకూ, మిద్దె మెట్ల మీద నుంచి దొర్లిన పిల్లకూ చేసే పరీక్ష ఒకటి కాదు. నింద పడుతుందేమోనన్న భయంతో మనం ఎత్తును, వేళను, అసలు కారణాన్ని దాచిపెడితే, ఆ అబద్ధం వల్ల నష్టపోయేది మాట్లాడలేని ఆ బిడ్డే.

మేము స్కానింగ్ తీయించమని పట్టుబట్టాము. అవసరం లేదన్నారు. సీటీ స్కాన్‌లో రేడియేషన్ ఉంటుందని, పసిపిల్లల విషయంలో లక్షణాలను బట్టే దాన్ని తీయిస్తామని, తక్కిన పిల్లల్ని గమనించడమే అసలు వైద్యమని వివరించారు. నుదుటి మీది బొప్పి చూడటానికి ఎంత పెద్దగా ఉన్నా అంతగా భయపడనక్కర లేదట. చెవి పైన గానీ, తల వెనుక గానీ మెత్తగా, నొక్కితే గుజ్జులా తగిలే వాపు వస్తే దాన్ని అనుమానించాలట. మేమందరం భయపడింది బొప్పిని చూసి, తల వెనుక భాగాన్ని తడిమి చూసినవారు మాలో ఒక్కరూ లేరు.

ఏ లక్షణాలు కనిపిస్తే ఒక్క నిమిషం కూడా ఆగకుండా 108కి ఫోన్ చేయాలో, లేదా ఆస్పత్రికి పరుగెత్తాలో ఆయన ఒక కాగితం మీద రాసిచ్చారు. పడినప్పుడు కాసేపైనా స్పృహ తప్పడం, ఒకటికి రెండుసార్లు వాంతి కావడం, మూర్ఛ రావడం, ముక్కు నుంచి గానీ చెవి నుంచి గానీ నెత్తురో నీళ్ళలాంటి ద్రవమో కారడం, ఒక కంటిపాప పెద్దదిగా మరొకటి చిన్నదిగా కనిపించడం, లేపినా సరిగా లేవకుండా మత్తుగా పడి ఉండటం, ఎత్తుకున్నా ఊరుకోకుండా గంటల తరబడి ఏడవడం, కాలో చేయో కదపకపోవడం, ఇంకా మాడు పూడని పిల్లల్లో ఆ మాడు ఉబ్బెత్తుగా లేవడం అందులో ఉన్నాయి. మాడు సాధారణంగా ఏడాదిన్నర వయసుకు పూడుకుంటుందట. పడిన తరువాత ఒకటి రెండు రోజుల పాటు వీటిని కనిపెట్టుకుని ఉండాలి. మూర్ఛ వచ్చిన పిల్ల చేతిలో తాళాల గుత్తి పెట్టడం, నోట్లో నీళ్ళు పోయడం చేయకూడదని, పక్కకు తిప్పి పడుకోబెట్టాలని కూడా అందులో ఉంది. ఎత్తు నుంచి పడి మెడకు దెబ్బ తగిలిందన్న అనుమానం ఉంటే పిల్లను ఎత్తుకుని పరుగెత్తకుండా, కదపకుండా ఉంచి 108 కోసం చూడాలట.

రెండో ప్రమాదానికి కూడా కారకుడిని నేనే. వీధి చివర మురుగు కాలువ దాటేటప్పుడు పాపను రెండు చేతులతో ఎత్తుకోకుండా, బద్ధకించి ఒక చెయ్యి పట్టుకుని పైకి లాగి దాటించాను. పాప కెవ్వుమని ఆ చేతిని ఒంటికి ఆనించి వేలాడేసింది, మళ్ళీ కదపలేదు. వాపు లేదు, కమిలిన గుర్తు లేదు. ఇంటికి వచ్చిన పెద్దలంతా పుత్తూరు కట్టు కట్టించమన్నారు. పుత్తూరు కట్టు అంటే నాకు అగౌరవం లేదు. మా నాన్నగారి ముంజేయి ఆ కట్టుతోనే అతుక్కుంది. మొదటి అనుభవం గుర్తుండి ఈసారి నేరుగా ఆస్పత్రికి తీసుకువెళ్ళాను, ఎలా జరిగిందో అడగకముందే చెప్పాను. అది ఎముక విరగడమే కాదట. ఒకటి నుంచి నాలుగేళ్ళ పిల్లల్లో మోచేతి దగ్గర ఎముకను పట్టి ఉంచే పట్టీ ఇంకా బిగువుగా ఉండదు కాబట్టి, చెయ్యి పట్టి లాగితే అది జారి కీలులో ఇరుక్కుంటుందట. డాక్టరు గారు ముంజేతిని తిప్పి ఒక్కసారి మడిచారు, నా వేలికి కూడా తెలిసేటట్లు టక్కుమని కదిలింది. పది నిమిషాల తరువాత పాప అదే చేత్తో బిస్కెట్టు అందుకుంది. కట్టు లేదు, మందు లేదు. ఒకసారి జారిన కీలు మళ్ళీ జారే అవకాశం ఉంటుంది కాబట్టి, ఎత్తవలసి వస్తే చంకల కింద చేతులు పెట్టి ఎత్తమన్నారు.

బిగువుగా కట్టిన కట్టు లోపల వేళ్ళు చల్లబడుతున్నాయని, తిమ్మిరెక్కుతున్నాయని పెద్దవాడైతే చెప్పగలడు. ఏడాదిన్నర పిల్ల చెప్పలేదు, ఏడుస్తుంది, ఆ ఏడుపును మనం నొప్పి అనుకుని ఊరుకుంటాం. కాబట్టి పసిపిల్లల విషయంలో ముందు డాక్టరుకు చూపించడం, ఆయన కావాలంటే ఎక్స్‌రే, తరువాతే మిగిలినవి. ఎక్స్‌రే కూడా ఒక్కొక్కసారి మోసం చేస్తుందని మా వీధిలో ఒక పిల్లవాడి వల్ల తెలిసింది. పార్కులో జారుడుబల్ల మీద వాళ్ళ మామయ్య ఒళ్ళో కూర్చుని జారుతుంటే ఆ రెండేళ్ళవాడి కాలు బల్ల అంచుకు తగులుకుని మెలిపడింది. వాపు లేదు, కానీ కాలు కింద మోపనంటాడు. "ఎత్తుకోమని మారాం చేస్తన్నాడు" అని ఇంట్లో రెండు రోజులు గడిపారు. మొదట తీసిన ఎక్స్‌రేలో ఏమీ కనపడలేదు, పది రోజుల తరువాత తీసినదాంట్లో మోకాలి కింది ఎముకలో సన్నని మెలి చీలిక, అది అతుక్కుంటున్న గుర్తు కనపడ్డాయి. ఈ వయసు పిల్లల్లో ఇది తరచుగా చూసేదేనట. నడిచే పిల్ల నడవను పొమ్మన్నదంటే అది గారాబం అనుకునే ముందు ఒకసారి చూపించడం మంచిది. పెద్దల ఒళ్ళో కూర్చోబెట్టుకుని జారడం కన్నా పిల్లవాడిని ఒంటరిగా జారనివ్వడమే క్షేమమని నాకు అప్పటిదాకా తెలియదు.

నెత్తురు వచ్చే దెబ్బల సంగతి కొంచెమే చెబుతాను. మన జిల్లాలో కాఫీపొడి కాఫీకి ఎంత వాడతారో, గాయాలకూ అంతే వాడతారనిపిస్తుంది. శుభ్రమైన గుడ్డతో పది నిమిషాల పాటు, మధ్యలో ఎత్తి చూడకుండా అదిమి పట్టుకుంటే మామూలు గాయాల నెత్తురు ఆగుతుంది. గాయంలో కూరిన కాఫీపొడిని కడిగి తీయడమే డాక్టరుకు పెద్ద పని, పిల్లకు రెండో బాధ. గంజి గానీ, టీ గానీ మీద ఒలికితే దాని మీదా టూత్‌పేస్టు, సిరా పూస్తారు. కాలిన చోట 20 నిమిషాలు కుళాయి నీళ్ళు ధారగా పోయడమే చేయవలసినది. పాలపన్ను ఊడి పడితే దాన్ని మళ్ళీ పెట్టరు, కానీ ఆ పన్ను దొరికిందో లేదో మాత్రం వెతకాలి, ఎందుకంటే దొరకనిది శ్వాసనాళంలోకి పోయి ఉండవచ్చు.

ఇక పడటానికి కారణాల గురించి. పుట్టిన బిడ్డ తల ఒంటి పొడవులో నాలుగో వంతు ఉంటుంది, పెద్దవాళ్ళలో అది ఎనిమిదో వంతుకు దగ్గర. నడక నేర్చే వయసులో కూడా బరువంతా పైనే ఉంటుంది కాబట్టి పిల్లలు తల ముందు పెట్టి పడతారు. మా చిన్నతనంలో ఆ తల పేడతో అలికిన మట్టి నేల మీద పడేది. ఇప్పుడు చీమకుర్తి గ్రానైట్ మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఇళ్ళలో మామూలు సంగతి అయింది. చూడటానికి ఎంత బాగుంటుందో అంత గట్టిది, నీటి చుక్క పడితే అంత జారుడు. పాపకు నూనె రాసి నలుగు పెట్టి స్నానం చేయించాక, ఆ జిడ్డు పాదాలతోనే ఆ రాతి మీద వదిలిపెట్టడం, లేదా ముద్దుగా ఉంటాయని మేజోళ్ళు తొడిగి నడిపించడం మేమూ చేశాం. నున్నని నేల మీద ఉత్తి పాదాలే మేలు. పడకను మంచం మీద నుంచి తీసి నేల మీద పరిచాము. స్నానాల గదిలో బకెట్టును వాడగానే బోర్లించడం అలవాటు చేసుకున్నాము, ఎందుకంటే జానెడు లోతు నీళ్ళలో తలకిందులుగా పడిన పిల్ల తనంతట తాను లేవలేదు.

వేసవిలో కరెంటు పోయినప్పుడు మిద్దె మీద పడుకోవడం మన ప్రాంతంలో మామూలే. పిట్టగోడ పక్కన ప్లాస్టిక్ కుర్చీయో, మడిచిన మంచమో ఉంటే అది రెండేళ్ళ పిల్లకు నిచ్చెనే. మెట్ల పక్కన వేసే స్టీలు కమ్మీల మధ్య సందు నాలుగు అంగుళాలకు మించితే పసిపిల్ల దూరిపోతుంది. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీకి ఈ ఒక్క మాట చెబితే అదనపు ఖర్చు పెద్దగా ఉండదు, నేను చెప్పలేదు, ఇప్పుడు ఆ సందులకు వల కట్టించుకున్నాను.

మొదటి పుట్టినరోజుకు మాకు వచ్చిన కానుకల్లో చక్రాల వాకర్లు రెండు ఉన్నాయి. అందులో కూర్చున్న పిల్ల ఒక్క సెకనులో ఒక మీటరుకు పైగా దూసుకుపోగలదు, మెట్లు గానీ, గడప గానీ అడ్డం వస్తే వాకరుతో సహా తిరగబడుతుంది. పైగా అది నడకను నేర్పదు, ఆలస్యం చేయగలదు. కెనడా దేశం 2004లోనే వాటి అమ్మకాన్ని నిషేధించింది. మన దుకాణాల్లో మాత్రం అవి పాటలు పాడుతూ అమ్ముడవుతున్నాయి. మా ఇంటికి వచ్చిన రెండింటినీ అటక మీదకు చేర్చాము, ఇంకొకరికి ఇవ్వడానికి మనసు ఒప్పుకోలేదు.

నా మనవి ఇది. బిడ్డ బోర్లపడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు పంచుకునే ఆనవాయితీ మనది. ఏ నెలలో ఏ ముచ్చట వస్తుందో మన ఇళ్ళలో ముసలివాళ్ళకు బాగా తెలుసు. కానీ ఒక్కొక్క ముచ్చటతో పాటు ఒక్కొక్క కొత్త రకం పడటం వస్తుందని మాకు ఎవరూ చెప్పలేదు. బోర్లపడటం వచ్చిన పిల్ల మంచం మీద నుంచి పడుతుంది, నిలబడటం వచ్చిన పిల్ల పట్టుకున్నదాన్ని మీదకు లాక్కుంటుంది, నడక వచ్చిన పిల్ల మెట్ల దాకా వెళ్తుంది. టీకాల పట్టికను చూస్తే, పుట్టగానే వేసేవి పోను, 6, 10, 14 వారాలకు, తరువాత 9 నెలలు నిండాక వేస్తారు. ఆ పైన మళ్ళీ పిలిచేది 16 నుంచి 24 నెలల మధ్య. అంటే పిల్ల పట్టుకుని నిలబడే రోజుల్లో ఒకసారి టీకాలు వేసే ఏఎన్ఎం నర్సు కంట పడుతుంది, ఆ తరువాత నడక నేర్చి, పడి, లేచి, మళ్ళీ పడే కనీసం ఏడు నెలల కాలంలో టీకా కోసం వెళ్ళే పని ఉండదు. అందుకని తొమ్మిదో నెల టీకా రోజునే, సూది వేశాక బిడ్డను అరగంట సేపు అక్కడే ఉంచమంటారు కదా, ఆ అరగంటలో ఐదు నిమిషాలు ఈ సంగతులకు కేటాయించమని కోరుతున్నాను. తల్లికి మాత్రమే కాదు, పగలంతా పిల్లను చూసుకునే అమ్మమ్మనో, నాయనమ్మనో, నాలాంటి తాతనో ఆ రోజు వెంట తీసుకురమ్మని ఆశా కార్యకర్త ముందుగా చెప్పాలి. ఇందుకు కొత్త పథకం అక్కరలేదు, కొత్త నిధులూ అక్కరలేదు. డాక్టరు గారు నాకు రాసిచ్చిన కాగితంలోని పది పన్నెండు మాటలను తల్లీబిడ్డల రక్షణ కార్డుకు పిన్ను కొట్టి ఇచ్చినా సరిపోతుంది.

ఆ ఐదు నిమిషాల్లో మొదట చెప్పవలసినది మాత్రం మందుల సంగతి కాదు. పిల్ల పడితే ఇంట్లో ఎవరినీ ఏమీ అనవద్దని, ఎవరి చేతిలో నుంచి ఎంత ఎత్తు నుంచి పడిందో ఉన్నది ఉన్నట్లు చెప్పమని తాతలకు, అవ్వలకు చెప్పాలి. డాక్టర్లు కూడా ఆ ప్రశ్న అడిగేటప్పుడు, "మీ తప్పు అని అడగడం లేదు, ఎత్తు తెలియాలి కాబట్టి అడుగుతున్నాను" అన్న ఒక్క వాక్యం కలిపితే నా భార్య ఆ రోజు అబద్ధం చెప్పేది కాదు.

మీ పత్రికకు కూడా ఒక చిన్న విన్నపం. తలకు దెబ్బ తగిలినప్పుడు చూడవలసిన లక్షణాలను పిల్లల వైద్యుల చేత సరిచూపించి, కత్తిరించి బీరువా తలుపుకు అంటించుకునే కొలతలో, నావంటి వారికి కళ్ళద్దాలు లేకుండా కనిపించే అక్షరాలతో ఒకసారి ముద్రించండి. మా వీధిలో ఈ నెలలో తొమ్మిదో నెల టీకాకు వెళ్ళవలసిన పిల్లలు ముగ్గురున్నారు. డాక్టరు గారు రాసిచ్చిన కాగితానికి జిరాక్సులు తీసి వాళ్ళ ఇళ్ళకు నేనే ఇచ్చి వచ్చాను గానీ, మూడిళ్ళలోనూ దాన్ని అందుకున్నది పిల్ల తల్లే. తాతలు ఇద్దరు వరండాలో పత్రిక చదువుకుంటున్నారు.

ఇట్లు,
విశ్రాంత తపాలా ఉద్యోగి,
కావలి, నెల్లూరు జిల్లా